ఇరవై ఏడు కుర్చీలు: సూరత్‌లో లెక్క అడిగిన చరిత్ర

2021 ఫిబ్రవరి 23న గుజరాత్‌లోని ఆరు నగరపాలక సంస్థల ఓట్లు లెక్కించారు. మొత్తం 576 స్థానాల్లో భారతీయ జనతా పార్టీ 483 గెలుచుకుంది. కాంగ్రెస్‌కు 55 మిగిలాయి. ఢిల్లీ పత్రికలు ఆ రాత్రి ఈ అంకెల కంటే మరో అంకె మీద ఎక్కువ సిరా ఖర్చు పెట్టాయి. అది 27. సూరత్ నగరపాలక సంస్థలోని 120 స్థానాల్లో ఆమ్ ఆద్మీ పార్టీ గెలిచిన సంఖ్య అది. మిగిలిన 93 బీజేపీవి. అయిదేళ్ల ముందు 36 మంది కార్పొరేటర్లను గెలిపించుకున్న కాంగ్రెస్‌కు ఆ నగరంలో సున్నా వచ్చింది. మూడు రోజులకు అరవింద్ కేజ్రీవాల్ వచ్చి సూరత్ వీధుల్లో ఊరేగింపు చేశారు. అవినీతి లేని నగరపాలన, ప్రతి రూపాయికీ లెక్క, బాగుపడిన పాఠశాలలు, ఆస్పత్రులు: ఆ పార్టీ అభ్యర్థులు ఇంటింటికీ తిరిగి చెప్పిన మాటలు ఇవే.

ఆ రాత్రి ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. ఆ 27 స్థానాలూ నగరానికి ఉత్తరాన, తూర్పున ఉన్న వరాఛా, కాపోద్రా, పూణా వంటి పేటలలోనివి. పాత నగరం దాటి ఉధనా వైపు వెళ్లే దారిలో ఉన్న ఖటోదరా దిక్కున ఒక్కటీ లేదు. ఖటోదరాలో పారిశ్రామిక వాడ ఉంది. మరమగ్గాల షెడ్లు, చిన్న యంత్రశాలలు, వాటిని ఆనుకొని కూలీల గదులు ఉన్నాయి. దానికి ఆవలనున్న ఉధనా, లింబాయత్‌లలో తెలంగాణ నుంచి మూడు నాలుగు తరాలుగా వలస వెళ్లిన పద్మశాలీల కుటుంబాలు స్థిరపడ్డాయి. మురుగు, తాగునీరు, అనుమతుల పేరిట జరిగే బేరాలు అక్కడ తక్కువేమీ కావు. నగరపాలక సంస్థను లెక్క అడగవలసిన అవసరం వరాఛా కంటే ఖటోదరాకే ఎక్కువని వాదించవచ్చు కూడా. అయినా పారదర్శకత నినాదం ఒక దిక్కున గెలిచి మరో దిక్కున ఓడింది. కారణం తెలియాలంటే ఒక ఎన్నికను చూస్తే చాలదు. పాలకులను లెక్క అడగడం సూరత్‌కు కొత్త కాదు. అడిగినవారు దాదాపు ఎప్పుడూ కౌన్సిల్ గోడల బయట నిలబడి అడిగారు, అంతే.

తెలుగు పాఠకులకు సూరత్ అనగానే 1907 కాంగ్రెస్ చీలిక గుర్తుకొస్తుంది. చెప్పులు, కుర్చీలు గాలిలో ఎగిరిన మహాసభ అది. కాని నగర ప్రజల రాజకీయం అంతకు అరవై ఏళ్ల ముందే మొదలైంది, అదీ పన్నుల మీద. 1844లో కంపెనీ ప్రభుత్వం ఉప్పు సుంకాన్ని మణుగుకు అర్ధ రూపాయి నుంచి రూపాయికి పెంచినప్పుడు సూరత్ జనం వీధుల్లోకి వచ్చారు. ప్రభుత్వం కొంత దిగివచ్చింది. 1848లో బెంగాల్ తూనికలను రుద్దబోతే అంగళ్లు మూతపడ్డాయి, ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది. దండి యాత్రకు ఎనభై అయిదేళ్ల ముందు, దండికి పెద్ద దూరం కాని ఊళ్లో, ఉప్పు మీద జనం తిరగబడ్డారన్న సంగతి మన పాఠ్యపుస్తకాలకు ఎందుకో పట్టలేదు.

ఈ అనుభవం తరువాతనే, 1850 నాటి 26వ చట్టం కింద 1852లో సూరత్‌కు మునిసిపాలిటీ వచ్చింది. స్థానిక స్వపరిపాలన అని నేడు మనం గౌరవంగా పిలిచే వ్యవస్థ ఆనాటి సూరత్ వర్తకుడి కంటికి మరో పన్నుల కచేరీ. సభ్యులను సర్కారు నియమించేది. వారు ఎవరికి జవాబుదారులో వారికీ, ఊరికీ స్పష్టంగా తెలుసు. 1878లో లైసెన్సు పన్ను వచ్చినప్పుడు మళ్లీ అంగళ్లు మూతపడ్డాయి, అల్లర్లు చెలరేగాయి, పోలీసులు కాల్పులు జరిపారు. మునిసిపాలిటీ పుట్టి పాతికేళ్లు దాటినా నగరం తన కోపాన్ని దాని గుమ్మం ద్వారా కాక వీధి ద్వారానే చెప్పుకుంది.

1882లో లార్డ్ రిప్పన్ తీర్మానం, 1884లో బొంబాయి రాష్ట్ర చట్టం ఎన్నికైన సభ్యులకు తలుపు తెరిచాయి. కౌన్సిల్‌లో సగం మందిని ఎన్నుకొనే హక్కు దక్కింది. ఓటరు ఎవరు? పన్ను కట్టేవాడు, లేదా చదువుకున్నవాడు. నగర జనాభాలో అది చిన్న పిడికెడు. కాని ఒక సూత్రం మాత్రం అక్కడ స్థిరపడింది: డబ్బు ఇచ్చినవాడికి లెక్క చూసే హక్కు ఉంది. ప్లీడర్లు, వర్తకులు, వైద్యులు కౌన్సిల్‌లో కూర్చొని నీటి పథకాల వ్యయం మీద, మురుగు కాలువల మీద గంటల తరబడి వాదించేవారు. పిడికెడు మంది కోసం పిడికెడు మంది చేసిన రాజకీయమని దాన్ని తీసిపారేయడం సులువే. అయినా నగరపాలక సంస్థ ఖర్చును సభలో వరుస వరుసగా ప్రశ్నించే అలవాటుకు బీజం పడింది ఆ గదుల్లోనే.

ఆ అలవాటుకు అసలు పరీక్ష 1921లో వచ్చింది. సహాయ నిరాకరణలో శాసనమండళ్లను బహిష్కరించిన కాంగ్రెస్ మునిసిపాలిటీలను బహిష్కరించలేదు. సూరత్, అహ్మదాబాద్, నడియాద్ కౌన్సిళ్లలో జాతీయవాదులు బలపడ్డారు. పాఠశాలలకు ప్రభుత్వ గ్రాంటు అక్కర్లేదని, ప్రభుత్వ తనిఖీ అధికారులను బడిలోకి రానివ్వబోమని తీర్మానించారు. తర్కం సూటిగా ఉంది. డబ్బు ఊరిది, బడి ఊరిది, జవాబు చెప్పవలసింది ఊరికే. బొంబాయి ప్రభుత్వ తర్కమూ అంతే సూటిగా ఉంది. 1922లో ఆ కౌన్సిళ్లను తొలగించి తాను నియమించిన కమిటీల చేతికి నగరాలను అప్పగించింది.

సరిగ్గా ఆ నెలల్లోనే తెలుగునాట దీనికి తలకిందులైన కథ ఒకటి నడిచింది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్ను భారం ఒక్కసారిగా అనేక రెట్లు పెరిగింది. నేతగాళ్లు, రైతుకూలీలు నిండిన ఆ ఊరు మునిసిపాలిటీ వద్దంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు ఖాళీ చేసి పొలిమేర అవతల రామ్‌నగర్ అనే పాకల ఊరు కట్టుకున్నారు. గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్లినా పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. సూరత్‌లో ప్రజలు తమదనుకున్న మునిసిపాలిటీని సర్కారు లాక్కుంది. చీరాలలో ప్రజలు తమది కాదన్న మునిసిపాలిటీని సర్కారు వారి నెత్తిన పెట్టింది. రెండు చోట్లా వివాదం ఒకటే: పన్ను ఎవరు కట్టాలి అన్నది కాదు, పన్ను కట్టినవాడికి ఎవరు జవాబు చెప్పాలి అన్నది. నూరేళ్ల తరువాత కూడా మన నగరపాలక చట్టాలు ఈ ప్రశ్నకు తిన్నని సమాధానం ఇవ్వవు.

స్వాతంత్ర్యం తరువాత 1966లో సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ అయింది. దాన్ని నడిపే చట్టం 1949 నాటి బొంబాయి ప్రాంతీయ మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం, నేటి పేరు గుజరాత్ చట్టమే అయినా ఎముకలు అవే. దాని ప్రకారం కార్యనిర్వాహక అధికారం కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ను నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. మేయర్ సభకు అధ్యక్షుడు, ఊరేగింపులకు ముఖ్య అతిథి. ఖర్చుకు పచ్చజెండా ఊపేది పన్నెండు మంది స్టాండింగ్ కమిటీ. మామూలు కార్పొరేటర్‌కు దక్కేది సర్వసభ్య సమావేశంలో ఒక కుర్చీ, ప్రశ్న అడిగే హక్కు. ఓటరు కార్పొరేటర్‌ను నిలదీయగలడు, కాని కార్పొరేటర్ చేతిలో అధికారం లేదు. కమిషనర్ చేతిలో అధికారం ఉంది, కాని ఓటరు ఆయన్ను నిలదీయలేడు. హైదరాబాద్‌లోనూ కథ ఇదే.

ఈ వైరుధ్యం ఎంతదూరం పోగలదో 1994 సెప్టెంబరు చూపించింది. భారీ వరదల తరువాత కుళ్లిన చెత్త, పశువుల కళేబరాల నడుమ సూరత్‌లో న్యుమోనిక్ ప్లేగు బయటపడింది. రోజుల వ్యవధిలో లక్షలాది మంది రైళ్లెక్కి పారిపోయారు. మరమగ్గాలు ఆగాయి, విదేశాలు భారత విమానాలను ఆపాయి. అది ప్లేగేనా కాదా అన్న వివాదాన్ని పరిశీలించిన సాంకేతిక సలహా సంఘానికి అధ్యక్షత వహించింది శ్రీకాకుళంలో పుట్టిన వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి. ప్లేగు చేసిన మరణాల కంటే నగరం గురించి అది బయటపెట్టిన నిజం పెద్దది. పట్టు, వజ్రం, కృత్రిమ నూలు వ్యాపారంలో కోట్లు గడించే ఊరు తన చెత్తను తాను ఎత్తుకోలేకపోయింది. అందుకు జవాబు చెప్పవలసినవాడు ఎవరో ఎవరికీ తెలియలేదు.

1995 మేలో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు తెలుగువాడు. గుజరాత్ క్యాడర్ ఐఏఎస్ అధికారి. సూరత్‌లో ఆయన్ను ఎస్.ఆర్. రావు అంటారు. ఆయన చేసిన పనిని ఊడ్పు పనిగా గుర్తుపెట్టుకోవడం ఆనవాయితీ. నిజానికి అది జవాబుదారీతనాన్ని పటం గీసి పంచిన పని. నగరాన్ని ఆరు మండలాలుగా విడగొట్టి ఒక్కొక్క మండలానికి ఒక అధికారిని కమిషనర్ అధికారాలతో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాకా అధికారులు కార్యాలయంలో కాదు, వీధిలో ఉండాలన్నారు. ఏసీ గది నుంచి రోజువారీ పనికి రండి అన్న ఆయన నినాదం ఆంగ్లంలో ఏసీ, డీసీల చమత్కారంగా ఊరంతా పాకింది. ఏ వీధి చెత్త ఎవరి బాధ్యతో పేరుతో సహా తేలింది. పౌరుల ఫిర్యాదుకు రంగు కార్డు, దానికి గడువు. మురికి చేసిన హోటళ్లు, మిఠాయి అంగళ్ల మీద జరిమానాలు పడ్డాయి. అక్రమ కట్టడాల కూల్చివేత పలుకుబడి గలవారి నుంచే మొదలైంది. బహుశా ఈ చివరిదే మిగతావన్నీ నమ్మశక్యం అయ్యేలా చేసింది. రెండేళ్లలోపే ఇంటాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తరువాత దేశంలో రెండో పరిశుభ్ర నగరమంది. 1998లో రావుకు పద్మశ్రీ వచ్చింది.

ఈ విజయగాథలో ఒక పాత్ర కనిపించదు. కార్పొరేటర్! రావు వచ్చిన కొద్ది వారాలకే జరిగిన 1995 ఎన్నికల్లో 99 స్థానాలకు బీజేపీ 98 గెలిచింది. ఒక్క సభ్యుడు మిగిలిన సభను ఎదుర్కొన్న కౌన్సిల్‌లో ప్రతిపక్షం అనే మాటకే అర్థం లేదు. సూరత్ బాగుపడింది, సందేహం లేదు. కాని అది బాగుపడిన తీరు నగరానికి ఒక నమ్మకాన్ని నేర్పింది. పని జరగాలంటే మంచి కమిషనర్ రావాలి, కౌన్సిల్ అడ్డురాకుండా ఉంటే చాలు అన్న నమ్మకం అది. మధ్యతరగతి భారతం ఈ నమ్మకాన్ని ఎంతో ఇష్టంగా పెంచుకుంది. రావు వంటివారు బదిలీ అయిన మరుసటి రోజు ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు. సూరత్ అదృష్టం కొద్దీ తరువాతి కమిషనర్లు ఆ పద్ధతుల్లో చాలా వాటిని నిలబెట్టారు. అదృష్టాన్ని వ్యవస్థ అనలేం.

మరో మార్పు నిశ్శబ్దంగా జరిగింది. ఊళ్లోకి వచ్చే సరుకు మీద వేసే ఆక్ట్రాయి సూరత్ వంటి వాణిజ్య నగరానికి ప్రధాన ఆదాయం. ట్రక్కును ఆపి వసూలు చేసే ఆ సుంకం అవినీతికి ఆలవాలం, వర్తకులకు చీకాకు. 2007 నవంబరులో గుజరాత్ ప్రభుత్వం నగరాల్లో దాన్ని రద్దు చేసి ఆ లోటును రాష్ట్ర నిధులతో పూడుస్తానంది. వర్తకులు పండుగ చేసుకున్నారు, న్యాయంగానే. కాని 1884 నాటి సూత్రం ఆ రోజు మరింత పలచబడింది. నగరం ఖర్చులో పెద్ద భాగం గాంధీనగర్ నుంచి వస్తున్నప్పుడు కార్పొరేషన్ చూపు ఎటు ఉంటుందో ఊహించడం కష్టం కాదు. 2019లో సూరత్ కార్పొరేషన్ బాండ్ల ద్వారా 200 కోట్ల రూపాయలు సేకరించింది. బాండ్లు జారీ చేసే నగరాలు ఆడిట్ అయిన లెక్కలు బయటపెట్టాలని సెబీ 2015 నిబంధనలు శాసిస్తున్నాయి. ముంబయిలో కూర్చున్న మదుపరికి నిబంధన ప్రకారం అందవలసిన లెక్క ఖటోదరా పన్ను చెల్లింపుదారుకు కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టుకొని వేచి చూడాలి.

అదే ఏడాది మే 24న సర్థాణాలోని తక్షశిల ఆర్కేడ్‌లో మంటలు లేచాయి. పై అంతస్తులో కోచింగ్ తరగతుల్లో ఉన్న 22 మంది విద్యార్థులు చనిపోయారు. కిటికీల నుంచి పిల్లలు దూకుతున్న దృశ్యాలు దేశమంతా చూసింది. అగ్నిమాపక నిచ్చెనలు అందలేదు. పై అంతస్తు నిర్మాణంలో నిబంధనల ఉల్లంఘన దర్యాప్తులో బయటపడింది. నిందితుల జాబితాలో భవన యజమానులతో పాటు కార్పొరేషన్, అగ్నిమాపక అధికారులూ చేరారు. ఆ కూడలి పేరు సర్థాణా జకాత్ నాకా. జకాత్ అంటే ఆక్ట్రాయి. సుంకం పోయి పన్నెండేళ్లయినా తనిఖీ కేంద్రం పేరు ఊరికి మిగిలింది. సరుకును తనిఖీ చేసిన చోట భవనాన్ని తనిఖీ చేసినవాడు లేకపోయాడు. ఆ ప్రాంతం వరాఛా పక్కనే ఉంది. ఇరవై నెలల తరువాత ఆమ్ ఆద్మీ పార్టీ గెలిచిన వార్డుల్లో సర్థాణా ఉండే వార్డూ ఉంది.

ఆ విషాదమే ఓట్లుగా మారిందని తేల్చేయడం మాత్రం చరిత్రకు అన్యాయం. 2021 ఫలితానికి ప్రత్యక్ష కారణం వేరే ఉంది. సౌరాష్ట్ర నుంచి వలస వచ్చి వజ్రాల సానలు, ఎంబ్రాయిడరీ యంత్రాలు నడిపే పాటీదార్ల పేటలు అవి. 2015 రిజర్వేషన్ ఉద్యమం అక్కడ రాజుకుంది, ఆ ఏడు కాంగ్రెస్‌కు దక్కిన 36 స్థానాల వెనుక ఉన్నదీ ఆ వేడే. 2021లో తాము సూచించినవారికి కాంగ్రెస్ టిక్కెట్లు ఇవ్వలేదని పాటీదార్ అనామత్ ఆందోళన్ సమితి అలిగింది. కాంగ్రెస్‌ను ఓడించండి అంది. ఆ ఓటు బీజేపీకి తిరిగి వెళ్లడానికి ఇష్టపడలేదు, కాంగ్రెస్‌లో ఉండలేకపోయింది. అప్పటికే బూత్ స్థాయిలో పనిచేస్తున్న మూడో పార్టీ ఒకటి కనబడింది. పారదర్శకత నినాదానికి కులం ఇల్లు ఇచ్చింది, అద్దెకు. ఖటోదరాలో, ఉధనాలో అలాంటి ఇల్లు దొరకలేదు. అక్కడి ఓటరు ఒరియా, మరాఠీ, హిందీ, తెలుగు మాట్లాడే వలస కార్మికుడు. అనేకమందికి ఓటు సొంతూళ్లోనే ఉంది. ఇక్కడ ఉన్నవారికి అభ్యర్థి నిజాయితీ కంటే గదిని కూల్చకుండా ఆపగల స్థానిక నాయకుడి ఫోను నంబరు ముఖ్యం. దీన్ని చైతన్య లోపమనడం పట్టణ మేధావులకు అలవాటు. నిత్యం అనధికారికంగా బతకవలసినవాడికి అన్నీ అధికారికంగా జరగాలన్న నినాదం భయం పుట్టించదా?

అభ్యర్థులు మాత్రం నిజంగా కొత్తవారు. ఇరవై రెండేళ్ల పాయల్ సాకరియా పూణా పశ్చిమ వార్డులో గెలిచి దేశమంతా వార్త అయ్యారు. పేరున్న కుటుంబాలు, గుత్తేదారులు, బిల్డర్లు నిండిన నగర రాజకీయంలో అదొక తెరిపి. ఎన్నికల విధానం కూడా వారికి కలిసివచ్చింది. సూరత్‌లో 30 వార్డులు, ఒక్కొక్క వార్డుకు నలుగురు సభ్యులు. ఓటరు నాలుగు ఓట్లు వేస్తాడు, గాలి ఉన్నచోట ప్యానెల్ మొత్తం గెలుస్తుంది. గెలుపుకు పనికొచ్చిన ఈ పద్ధతే జవాబుదారీతనానికి శత్రువు. 2011 లెక్కల్లోనే 44 లక్షలు దాటిన నగరంలో ఒక వార్డు అంటే దాదాపు లక్షన్నర జనం. పైపు పగిలితే నలుగురిలో ఎవరిని పట్టుకోవాలి? హైదరాబాద్‌లో 2020 ఎన్నిక నాటికి 150 వార్డులకు 150 మంది. అక్కడ తిట్టడానికైనా ఒక ముఖం ఉంది.

గుజరాత్ శాసనసభ స్థానిక సంస్థల్లో జవాబుదారీతనం గురించి ఆలోచించలేదని అనకూడదు. ఓటు వేయడం తప్పనిసరి చేస్తూ 2009లో బిల్లు తెచ్చింది. 2014లో దానికి గవర్నర్ ఆమోదం దొరికింది, 2015లో హైకోర్టు అమలును నిలిపివేసింది. మహిళలకు సగం స్థానాలు ఇచ్చే మంచి నిబంధన కూడా ఆ బిల్లులోనే ఉంది. ఓటరు పోలింగ్ కేంద్రానికి రాకపోతే సంజాయిషీ ఇవ్వాలి. కార్పొరేటర్ వార్డుకు రాకపోతే ఎవరికి ఇవ్వాలో ఆ చట్టం చెప్పలేదు. 2021లో సూరత్‌లో సగానికి పైగా ఓటర్లు ఇంట్లోనే ఉండిపోయారు.

గెలిచిన 27 మంది సభలో కూర్చున్నాక ఏం జరిగిందన్నదే ఈ కథలో అసలు ఘట్టం. 93 మంది ఉన్న సభలో స్టాండింగ్ కమిటీ నిర్ణయాలు అధికార పక్షానివే. సర్వసభ్య సమావేశంలో ప్రశ్నలు, నినాదాలు, వాకౌట్లు, మార్షల్స్. 2021 జూన్‌లో నగర ప్రాథమిక విద్యా సమితి సభ్యుల ఎన్నిక రోజున సభ రభసగా మారి ఆప్ కార్పొరేటర్లను బయటకు ఈడ్చుకెళ్లారు. నూరేళ్ల కింద ఇదే నగరంలో బడుల మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్నపై కౌన్సిల్ రద్దయింది. ఈసారి పోరు సమితిలో ఒకటి రెండు కుర్చీల కోసం. ప్రశ్న కుంచించుకుపోయిందనడానికి ఇంతకంటే కొలబద్ద అక్కర్లేదు.

లోపలికి వెళ్లినవారికి దక్కిన ఆయుధాలు చూడండి. ప్రశ్న అడగవచ్చు, జవాబు కమిషనర్ తరఫున వస్తుంది. ఆడిట్ నివేదిక చదవవచ్చు, దాని మీద చర్యను ఆదేశించలేరు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టవచ్చు, అది ఏ పౌరుడైనా చేయగలిగిన పని, అందుకు గెలవనక్కర్లేదు. వార్డు అభివృద్ధి నిధి కోసం మాత్రం అధికార పక్షం, అధికారుల మంచితనం కావాలి. రోడ్డు వేయించలేని కార్పొరేటర్‌ను ఓటరు ఎన్నాళ్లు భరిస్తాడు? లెక్క అడగడానికి పంపినవాడినే పని కాలేదని లెక్క అడుగుతాడు. 2022 ఫిబ్రవరిలో అయిదుగురు ఆప్ కార్పొరేటర్లు బీజేపీలో చేరారు. 2023 ఏప్రిల్‌లో మరో ఆరుగురు. ప్రలోభాలు పెట్టారని ఒక పార్టీ, సొంత పార్టీలో గౌరవం లేక వచ్చారని మరో పార్టీ. ఇలాంటి ఫిరాయింపుల్లో నిజం సాధారణంగా రెండు ప్రకటనల మధ్య ఎక్కడో ఉంటుంది. ఎవరి సంతకంతో గెలిచారో వారికి ఒక్క కాగితమైనా రాయకుండా కండువా మార్చడం మాత్రం ఏ ప్రకటనా కప్పిపుచ్చలేని నిజం. పారదర్శకత కోసం ఎన్నికైనవారి నిష్క్రమణే ఆ నగరంలో అన్నిటికంటే అపారదర్శకమైన లావాదేవీ అయింది.

ఈలోగా 2022 డిసెంబరు శాసనసభ ఎన్నికల్లో రాష్ట్రంలో అయిదు స్థానాలు గెలిచిన ఆప్ సూరత్ నగరంలో ఒక్కటీ గెలవలేదు. పార్టీ రాష్ట్ర నాయకుడు గోపాల్ ఇటాలియా కతార్‌గామ్‌లో, పాటీదార్ ఉద్యమం నుంచి వచ్చిన అల్పేశ్ కథీరియా వరాఛాలో ఓడిపోయారు. కులం అద్దెకిచ్చిన ఇల్లు ఖాళీ చేయించింది. పార్టీలో నిలిచినవారు కౌన్సిల్‌లో పోరు ఆపలేదు, పాయల్ సాకరియా తరువాత ప్రతిపక్ష నాయకురాలయ్యారు కూడా. సంఖ్య తగ్గిన కొద్దీ గొంతు పెరగవలసి వచ్చింది.

2024 లోక్‌సభ ఎన్నికల నాటికి ఆప్, కాంగ్రెస్ గుజరాత్‌లో ఒకే కూటమిలో ఉన్నాయి. సూరత్ స్థానం కాంగ్రెస్‌కు వెళ్లింది. అభ్యర్థి నీలేశ్ కుంభాణీ కూడా ఒకప్పటి సూరత్ కార్పొరేటరే. ఆయన నామినేషన్ పత్రం మీది సంతకాలు తమవి కావని ప్రతిపాదకులే అఫిడవిట్లు ఇచ్చారు. పత్రం తిరస్కరణకు గురైంది. మిగిలిన అభ్యర్థులందరూ ఒకరి తరువాత ఒకరు ఉపసంహరించుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. ఖటోదరాను ఆనుకొని ఉన్న మజూరా, ఉధనా, లింబాయత్ శాసనసభ స్థానాలు నవసారి లోక్‌సభ పరిధిలోవి కాబట్టి మే 7న అక్కడి జనం వరుసల్లో నిలబడి ఓటు వేశారు. వరాఛా, కరంజ్, కతార్‌గామ్‌లలో, మూడేళ్ల కింద ఆ 27 మందిని గెలిపించిన పేటల్లో, ఆ రోజు పోలింగ్ కేంద్రాలు తెరవలేదు.